జమీందారు మేడకు సున్నమేల?

మన శ్రీకాకుళ మండలపు ఉత్తరభాగమున, పలాస, టెక్కలి ప్రాంతములలో, పాత జమీందారీ భవనముల మాట వచ్చినపుడెల్ల చదువుకొన్నవారిలో రెండు పక్షములు బయలుదేరుచున్నవి. "అవి రైతుల నెత్తురు త్రాగి పెరిగిన మేడలు; కూలిపోనిండు, పీడ విరగడయగును" అనునది మొదటి పక్షము. "అవి మన పూర్వవైభవమునకు గురుతులు, గట్టిగా సిమెంటు పూయించి, కంటికింపైన రంగు వేయించి, దీపములు పెట్టి పదిమందికి చూపుదము" అనునది రెండవది. మొదటివారు తాము సంస్కర్తలమని చెప్పుకొందురు. రెండవవారు దేశాభిమానులమని చెప్పుకొందురు. ఈ యిరుపక్షములవారును మేడను గూర్చి ఘంటలకొలది వాదింతురే కాని మేడ గోడ దగ్గరకు పోయి చేతితో తడవి చూచినవారు కారు. మేము గోడను గూర్చియే వ్రాయదలచితిమి. రాజుల వంశావళిని, ఏనుగుల లెక్కను కోరు చదువరులు మమ్ము క్షమింపవలెను.

మందస పలాసకు ఉత్తరమున మహేంద్రగిరి ఛాయలో నున్న యూరు. కోవాకు పేరుపడ్డది. అచ్చటి వాసుదేవాలయము ఒడిసా దేవాలయముల తీరున కట్టిన రాతిగుడి. అది శిథిలమై యుండగా చినజీయరుస్వామివారి పూనికచే జీర్ణోద్ధారము జరిగి మరల పూజ లందుకొనుచున్నది. ఆ యూరిలోనే మందస ప్రభువుల కోటయు మేడయు నున్నవి. గుడికి పట్టిన భాగ్యము మేడకు పట్టలేదు. గుడికి భక్తులుందురు, మేడకు వారసులు మాత్రమే యుందురు. కాబట్టి యిందు వింత లేదు. 1948లో మద్రాసు శాసనసభవారు జమీందారీల రద్దు చట్టమును చేసినపుడు భూములు ప్రభుత్వపరమయ్యెను. కాపురముండు మేడలు సొంతదారులకే విడువబడెను. అనగా మేడ నిలిచెను గాని మేడను పోషించు శిస్తు నిలిచిపోయెను. వందల గ్రామముల రాబడిపై ఏటేట వెల్లవేయించుకొనుటకు అలవాటుపడిన గోడకు ఒక కుటుంబపు రాబడి యేమూలకు చాలును? వెల్ల ఆగినచోట నాచు పట్టును, నాచు పట్టినచోట పూత పెచ్చులూడును, పూత యూడినచోట ఇటుక బయటపడును. ఇది మందస కథ మాత్రమే కాదు. టెక్కలిలోను తర్లాలోను పాత మేడ యన్నదాని కెల్ల యిదే జాతకము.

మొదటి పక్షమువారి కోపము మాకు తెలియనిది కాదు. అందులో సగము మాదియు. ఈ యుత్తరపు కొననున్న ఇచ్ఛాపురమునుండియే 1937లో రైతు రక్షణ యాత్ర బయలుదేరి, కాలినడకను తెలుగుదేశ మెల్ల తిరిగి, 1938లో మద్రాసు చేరెను. ఆ 1938లోనే ప్రకాశము పంతులుగారి యాధ్వర్యమున జమీందారీ విచారణసంఘము తన నివేదికను వెలువరించెను. 1940 మార్చిలో అఖిలభారత కిసాన్ సభ మన పలాసలో సమావేశమయ్యెను. సభ ముగిసి వారమైనను నిండలేదు, ఏప్రిలు 1వ తేదీని మందస జమీందారీలోని గుడారి రాజమణిపురమున పోలీసులు కాల్పులు జరిపిరి. తగవు దేనిని గూర్చి? కొండకఱ్ఱను గూర్చి. వంటచెరకునకును, నాగటికిని, పాకకును కావలసిన కఱ్ఱను అడవినుండి తెచ్చుకొనుట తాతతండ్రులనాటి హక్కని రైతులనిరి. అడవి జమీందారీదని ఠాణేదారులనిరి. రైతులను పట్టుకొనిపోవ వచ్చిన బండ్లకు అడ్డుపడినవారిలో ముందు నిలిచినది సాసుమాన గున్నమ్మ యను గర్భవతి. ఆమెయు మరికొందరును ఆనాడు తుపాకిగుండ్లకు బలియైరి. ఆ యూరి పేరులోనే "రాజమణి" యున్నది. అది మందస ప్రభువులు తరతరములుగ పెట్టుకొనిన పేరు. ప్రభువు పేరు పెట్టుకొన్న గ్రామముమీదనే ప్రభువు పక్షమున గుండు పేలినది.

ఇంత తెలిసియు మేడను నిలుపుమందురేమి యని యడుగుదురు. అందులకే నిలుపుమనుచున్నాము. నేరము జరిగిన యింటిని నేలమట్టము చేసినవాడు నేరస్థునకు చేసిన మేలు ఇంతింత కాదు. మేడ కూలి దిబ్బయైన పిమ్మట ఏబదియేండ్లకు ఆ దిబ్బపై మొలచునది న్యాయము కాదు, పిట్టకథ. "మా తాతలనాడు ఇచ్చట బంగారుమేడ యుండెడిది, రాజు ధర్మరాజు, అడిగినవాని కడుగక పెట్టెడివాడు" అని ముసలమ్మలు మనుమలకు చెప్పుదురు, కాదనుటకు సాక్ష్యముండదు. మేడ నిలిచియున్నచో కండ్లున్న బాలుడు ఆ దూలముల లావును చూచి ఒక ప్రశ్న వేయును: కఱ్ఱమోపు తెచ్చుకొన్న రైతుపై కాల్పులు జరిపిన యీ జమీందారీలో ఇంతింత దూలములు ఏ యడవినుండి వచ్చినవి? ఎవరు మోసిరి? ఎంత కూలి యిచ్చిరి? ఆ ప్రశ్నను పుట్టింపగల పాఠ్యపుస్తకమును మేము ఇంతవరకు చూడలేదు.

మరియొక సంగతి. ఆ గోడను జమీందారు కట్టలేదు. ఇటుక కోసినవాడు, సున్నము నూరినవాడు, తాపీ పట్టినవాడు, నీళ్లు మోసిన ఆడుది, వీరు కట్టిరి. స్తంభపు తలమీద సున్నముతో తీర్చిన ఆకులు, ద్వారముపైని లతలు, కిటికీల చుట్టునున్న అంచులు ఏ దొర చేతిలోనుండియు ఊడిపడలేదు. ఆ చేతిపని వారి వ్రాత. వారికి అక్షరములు రావు కావున వ్రాసిపెట్టిన వ్రాత యదొక్కటే. జమీందారుపై కోపముతో కూలివాని వ్రాతను చెరిపివేయుట యేపాటి సంస్కారము?

మేము బడిపంతులము. ఒకనాడు తరగతిలో ఝాన్సీ లక్ష్మీబాయి ఎవరని యడిగినచో ముప్పదిచేతులు లేచినవి. గున్నమ్మ యెవరని యడిగినచో రెండు చేతులు లేచినవి. ఆ రెండును హరిపురము వైపునుండి వచ్చు పిల్లలవి. పిల్లల తప్పు కాదు. రాణికి కోటలున్నవి, చిత్రపటములున్నవి. గున్నమ్మకు స్వగ్రామమున స్మారకము తప్ప పెద్దదారిన కంటబడు గోడ యొక్కటియు లేదు.

ఇక రెండవ పక్షమువారు. వీరికి మేడపై ప్రేమ యున్నదనుట నిజమే. అయితే బిడ్డపై ప్రేమచే జ్వరము వచ్చిన వానికి ముద్దపప్పు పెట్టు అవ్వ ప్రేమ వంటిది వీరి ప్రేమ. గోడ రాలుచున్నదా, సిమెంటు పూయుడు. సిమెంటు గట్టిది కదా! సున్నమునకు పట్టిన గతి దానికి పట్టదు కదా! ఇది విన్నంతనే ఒప్పవలసిన మాటవలె తోచును. అందుచేతనే యిది ప్రమాదకరము.

మన సముద్రతీరపు వంటిండ్లలో ఉప్పు పోసిన మట్టికుండను చూడనివారుండరు. కొన్నాళ్లకు ఆ కుండ వెలుపలిభాగము తెల్లగా పూసి, పొలుసులు పొలుసులుగా ఊడిపోవును. కారణమేమి? లోపలి ఉప్పు తేమతో కరగి మట్టిలోని సన్నని రంధ్రములవెంట వెలుపలికి వచ్చును. అచ్చట గాలి తగిలి నీరు ఆవిరియై పోవును, ఉప్పు పలుకుగా గట్టిపడును. గట్టిపడునపుడు ఉబ్బి కుండ చర్మమును చీల్చుకొని వచ్చును. మన పాత గోడలకు జరుగుచున్నదియు సరిగా నిదియే. నేలలోని చెమ్మ పునాదినుండి ఎగబ్రాకును. సముద్రపు గాలి ఉప్పును మోసికొనివచ్చి గోడపై చల్లును. టెక్కలికి దాపుననున్న నౌపడలో ఉప్పుమళ్లలో పండు నుప్పే మన గోడలలోను తనంతట తాను పండుచున్నది.

సున్నపు పూత గలిగిన గోడలో ఈ చెమ్మ పూతగుండ బయటికి పోవును. ఉప్పు పూతలోనే పలుకుకట్టును. పూత చెడును, ఇటుక బ్రదుకును. చెడిన పూతను గోకి క్రొత్త పూత వేసికొనుట మన పెద్దల ఏర్పాటు. పూత యనునది గోడకు బదులు చచ్చుటకై వేయబడునది. అట్టి గోడపై సిమెంటు పూసినచో ఏమగును? సిమెంటు పూత బిగువైనది. చెమ్మను తనగుండ పోనీయదు. చెమ్మ లోపలనే నిలిచి మరి కొంత యెత్తునకు ఎగబ్రాకును, ఉప్పు సిమెంటు వెనుక ఇటుకలోనే పలుకుకట్టును. మొదటి రెండు మూడేండ్లు గోడ నిగనిగలాడును, ప్రారంభోత్సవము చేసిన పెద్దమనిషి పటము పత్రికలో పడును. అటుపై ఒకనాటి వానలో సిమెంటు పలక బుడగవలె లేచి దబ్బున పడును. ఒంటరిగా పడదు, ఇటుక ముఖమును పెరుక్కొనియే పడును. సున్నము పడినపుడు మరల పూయుటకు ఇటుక మిగిలియుండెను. సిమెంటు పడిన పిమ్మట మిగిలినది పిండి.

ఈ మేడలలో పెక్కు కట్టిన కాలమునకు సిమెంటను మాటయే మన పల్లెలు ఎరుగవు. పోరుబందరులో సిమెంటు చేయ మొదలిడినది 1914లో. ఆ గోడలు మెత్తని యిటుకతోను, మెత్తని సున్నముతోను కట్టినవి. వేసవికి కొంచెము సాగును, వానకు కొంచెము ముడుచుకొనును, సన్నని బీట వచ్చినచో సున్నము తడిలో కరగి మరల తానే పూడ్చుకొనును. అట్టిదానికి రాతివంటి సిమెంటు తొడుగు వేయుట ముసలివానికి ఇనుపచొక్కా తొడుగుట.

2018 అక్టోబరు 11వ తేదీని తిత్లీ తుపాను పలాస దగ్గర తీరము దాటి ఉద్దానములోని కొబ్బరిని, జీడిని పెల్లగించిన సంగతి మనలో నెవరును మరువలేదు. అంతకుముందు 2013లో ఫైలిన్, 2014లో హుదూద్ వచ్చిపోయినవి. మూడును అక్టోబరులోనే వచ్చినవి. తుపానువాన పైనుండి పడదు. అడ్డముగా వచ్చి గోడను కొట్టును. కాబట్టి మన తీరమున మేడ ముఖము అలంకారము కాదు, కాపలా. ఇచ్చట వెలిగోడను బాగుచేయుటయన్న మేడను బాగుచేయుటయే. అయితే ముఖమునకు మందు పూయుటకు ముందు నెత్తిపై నీరు పోవు దారి చూడవలెను. మిద్దెపై తూములు పూడినచో ఎంత మంచి పూతయైనను రెండు వానకాలములకు నిలువదు. గోడ నెఱ్ఱెలలో మొలచిన రావిమొక్కను ఏటేట కత్తితో నరికి "శుభ్రము చేసితిమి" అనుకొనుట మనకు అలవాటు; నరికినకొలది వేరు లావగును. వేరును చంపి, కుళ్లిన పిమ్మట సందును సున్నముతో నింపవలెనే గాని పచ్చివేరును పెరికినచో గోడయే దానివెంట వచ్చును. రావి పవిత్రవృక్షము, నరుకరాదని చేతులు ముడుచుకొనువారితో మాకు వాదము లేదు. చెరువుగట్టున నాటి పూజింపుడు. గోడలో పెరిగినది అశ్వత్థనారాయణుడు కాదు, గునపము.

సున్నపుపని మాటవచ్చినపుడు మా ఇంజనీరు మిత్రులు, "ఈ రోజులలో ఎవరు చేయుదురండీ? పనివారేరి?" యందురు. పనివారు లేరనుట సగము నిజము. డంగుసున్నము గానుగలో తిరుగుచుండగా ఎడ్ల వెనుక నడచినవారి మనుమలు ఈనాడు హైదరాబాదులోను, చెన్నపట్టణములోను అంతస్తుల మేడలకు కాంక్రీటు మోయుచున్నారు. మన మండలమునుండి వలసపోవు కూలీల సంఖ్య యెంతటిదో పలాస స్టేషనులో రైలెక్కువారిని చూచిన చాలును. తాపీ వారి చేతులలోనే యున్నది. సున్నము మాత్రము చేజారినది. రాయినో గుల్లనో కాల్చి, నీటిలో విరియజేసి, కొన్నివారములు నానవేసి, ఇసుకతో గానుగలో మెత్తగా నూరి, కరక్కాయ నీరు, బెల్లపు నీరు కలుపుట మంత్రశాస్త్రము కాదు. పూసిన పిమ్మట గాలిలోని బొగ్గుపులుసు వాయువును పీల్చుకొని సున్నము మరల రాయియగును. రాయి సున్నమై, సున్నము రాయియగు ఈ చక్రమును ఆరవ తరగతి పిల్లవాడైనను వల్లించును. కావలసినది ఓర్పు. సిమెంటు ఒక పూటలో బిగియును. సున్నమునకు దినములు పట్టును, తడియారకుండ కాచుకొనవలెను, పలుచని పొరలుగా వేయవలెను. ఓర్పునకు మన టెండరులలో పద్దు లేదు. చదరపు గజమునకు ఇంతయని కొలిచి, ఆర్థిక సంవత్సరము ముగియులోపల బిల్లు చేయవలసిన కాంట్రాక్టరునకు గోడ నూరేండ్లు నిలిచిన లాభమేమి, మూడేండ్లకు రాలిన నష్టమేమి? రాలినచో ఇంకొక టెండరు.

రంగులమాట చెప్పనే యక్కరలేదు. గోడను ఊపిరాడనీయని పొరవంటి రంగులు డబ్బాలలో వచ్చిననాటినుండి పాత గోడకు రెండవ ఉరి తగిలినది. పైగా ఏ రంగన్నది యొక రాజకీయము. పంచాయతీ భవనములకు ఒక పార్టీ రంగులు వేయుట తగదని చెప్పుటకు 2020లో మన హైకోర్టును సుప్రీంకోర్టును పలుకవలసివచ్చిన రాష్ట్రము మనది. మందస మేడకు సున్నపు వెల్ల కావలెనని మేమనుటలో ఆర్షసంప్రదాయాభిమానమేమియు లేదు. తెల్లసున్నమునకు పార్టీ లేదు, దానిగుండ గోడ గాలి పీల్చును, వెలయు తక్కువ. ఇంతకంటె కారణమేల?

ఆంగ్లము చదివినవారు కొందరు రస్కినుగారిని మా మీదికి తెత్తురు. పాత కట్టడమును "పునరుద్ధరించుట" యనునది దానిని చంపుటయేయని ఆయన 1849లో వాదించెను; ఆ త్రోవలోనే 1877లో విలియం మారిస్ పాత కట్టడముల రక్షణకై లండనులో ఒక సంఘమును స్థాపించెను. తమ దేశపు రాతిచర్చీల ముఖములను గీకి క్రొత్తవానివలె చేయుచున్న వెఱ్ఱిని చూచి వారికి కోపము వచ్చినది, న్యాయమైన కోపమే. అయితే వారు చూచినది రాయి. రాతిపై నూరేండ్ల వయస్సు ఒక యందము. సున్నపుగోడపై నూరేండ్ల నిర్లక్ష్యము అందము కాదు, చీము. మన గోడ ఏటేట పండుగకు ముందు చర్మము మార్చుకొనుటకై పుట్టినది. దానికి వెల్ల వేయుట దాని స్వభావమును కాపాడుటయే. సంస్కృతమున మయమతమను శిల్పగ్రంథములో జీర్ణమైన కట్టడములను గూర్చి అనుకర్మవిధానమని యొక యధ్యాయమే యున్నది. అనుకర్మ యను మాట మాకు మిక్కిలి నచ్చినది: మొదటి పనివాడు చేసిన పని వెంట నడచు పని. వాని కంటె ముందు నడువరాదు. ఒక స్తంభమున ఆకు రాలినచో ప్రక్కస్తంభమున నిలిచిన ఆకును చూచి తీర్చుడు. రెండింటను రాలినచో బోడిగా విడువుడు. సినిమా సెట్టింగులనుండి తెచ్చిన ఏనుగులను, పద్మములను అతికింపకుడు.

ఇపుడు అన్నిటికంటె బరువైన ఆక్షేపణకు వత్తుము. "ఉద్దానములో ఇంటింట మూత్రపిండముల జబ్బుతో మనుష్యులు చచ్చుచుండగా మీకు మేడగోడల చింతయా?" ఈ ప్రశ్న వేయువానికి మేము ముందుగా చేతులు జోడింతుము. కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు మండలములలో ఆ జబ్బు ఎట్టిదో చదువరులకు మేము చెప్పనక్కరలేదు. దాని మూలకారణము ఇదియని నిశ్చయముగా ఇంకను తేలలేదు. పలాసలో 200 పడకల కిడ్నీ పరిశోధనకేంద్రము, ఆసుపత్రి 2023 డిసెంబరు 14వ తేదీని ప్రారంభమయ్యెను. ఆనాడే మంచినీటి పథకమును ప్రారంభించిరి. ఒక్క రూపాయియే యుండి, డయాలిసిసు యంత్రమా, మేడకు సున్నమా యని యెవరైన నిలదీసినచో, యంత్రమే యందుము, మరుమాట లేదు. కాని మన యెదుట నున్న ప్రశ్న అది కాదు. సుందరీకరణమను పేర విగ్రహములకు, ద్వారతోరణములకు, రంగుదీపములకు, సిమెంటు పూతలకు వ్యయమగుచున్న సొమ్ము ఏ రోగి నోటినుండి తీసినది? ఆ సొమ్మును ఎటులను వ్యయము చేయుచున్నారు. చెడగొట్టుటకు వ్యయము చేయుచున్నారు. సున్నపుపనిలో సరకు వెల స్వల్పము, పెద్దభాగము కూలి. ఆ కూలి మన యూళ్లలో మిగులును. తిత్లీ తరువాత తోట పోయి చేతిపని లేక రైలెక్కినవానికి తాత విద్య నేర్పి ఇంటిపట్టున కూలి యిప్పించుట దాతృత్వము కాదు, లెక్క.

అయితే ఒక షరతు. ప్రజల సొమ్ము గోడకు పూయవలెనన్న గోడలోని తలుపు ప్రజలకు తెరవవలెను. దీనిలో మాకు రాజీ లేదు. ఇది మా క్రొత్త కల్పనయు కాదు. రక్షిత కట్టడమునకు సొంతదారుతో ప్రభుత్వము చేసికొను ఒడంబడికలో ప్రజలకు ప్రవేశసౌకర్యమును గూర్చిన నిబంధన యుండవచ్చునని కర్జను ప్రభువు కాలమునాటి 1904 చట్టమే చెప్పినది. 1958 చట్టమును అట్లే చెప్పుచున్నది. మన రాష్ట్రమునకు 1960 చట్టము వేరుగ నున్నది. సొంతదారు హక్కును ఊడలాగుకొనుమని మేమనుట లేదు. తన సొమ్ముతో బాగుచేసికొన్నచో తలుపు వేసికొనవచ్చును. సర్కారు సున్నము కావలెనన్నచో వారమునకు కొన్ని దినములైనను ముందరి చావడి తెరవవలెను.

తలుపు తెరచిన మేడ ఏమగునో హైదరాబాదు కోటీలోని రెసిడెన్సీని చూడుడు. పందొమ్మిదవ శతాబ్ది తొలి యేండ్లలో కిర్క్‌పాట్రిక్ కట్టించిన యింగ్లీషు రెసిడెంటు మేడ యది. 1857 జులై 17న తుర్రేబాజ్ ఖానును, మౌల్వీ అల్లావుద్దీనును తమ వారితో దానిమీదికి దండెత్తిరి. అంతటి పరాయిదొరతనపు గురుతును స్వాతంత్ర్యము వచ్చినపిమ్మట కూల్చలేదు; 1949లో ఆడపిల్లల కళాశాలను అందులో పెట్టిరి. శిథిలమగుచుండగా 2002లో ప్రపంచ స్మారక నిధివారు దానిని ఆపదలోనున్న కట్టడముల పట్టికలో చేర్చిరి. పిదప బాగుచేయు పని సాగినది. కళాశాల విశ్వవిద్యాలయమైనది, దానికి 2024లో చాకలి ఐలమ్మ పేరు పెట్టిరి. విసునూరు దేశముఖునకు ఎదురు నిలిచి తన పంటను కాపాడుకొన్న ఐలమ్మ! రెసిడెంటుదొర స్తంభముల నడుమ ఆమె పేరు చదువుకొనుచు ఆడపిల్లలు తరగతులకు పోవుచున్నారు. ఆ స్తంభములను కూల్చియుండినచో ఆ పేరు నిలుచుట కంతటి చోటు దొరకెడిదా? ఇటు మన దాపున విజయనగరపు కోటలో మోతీమహలు 2020లో నేలమట్టమయ్యెను. శిథిలమైనదని కూల్చినవారి సమాధానము. ఎందుచేత శిథిలమాయెనన్న ప్రశ్నను ఆ యిటుకలతోపాటే బండ్లకెత్తి పంపివేసిరి.

మందస మేడకు ఏమి చేయవలెనని మమ్మడుగువారికి మా మనవి యింతే. టెండరు పిలుచుటకు ముందు ఒక మూల రెండు గజముల గోడను సున్నముతో పూసి ఒక వానకాలము చూడుడు. ప్రక్కనే మరి రెండు గజములు, చెడినను నష్టములేని ప్రహరీగోడపై, సిమెంటు పూయుడు. రెంటిని వచ్చి చూడవలసినదిగా ఊరివారిని పిలువుడు. మా వాదము తప్పైనచో గోడయే చెప్పును. టెండరు కాగితములో సిమెంటని గాని, పొరకట్టు రంగని గాని వ్రాయరాదు. సున్నపుపని యెరిగిన వృద్ధ మేస్త్రీ ఒక్కడు దొరకినను అతనికి గౌరవవేతనమిచ్చి పదిమంది పిల్లవాండ్రను అతని వెంట నుంచుడు. మేడ సింహద్వారమునకు ప్రక్కన, లోపల కాక వెలిగోడపైననే, దారిన పోవువారు చదువునట్లు, 1940 ఏప్రిలు 1వ తేదీని, గుడారి రాజమణిపురమున పడిన ప్రతివారి పేరును, గున్నమ్మ పేరు మొదలుగా, తెలుగు లిపిలో చెక్కింపుడు. ఆ రాతిక్రింద తగవు కొండకఱ్ఱను గూర్చియని వ్రాయుట మరువకుడు. సొంతదారులు దీనికి ఒప్పరేమోయని కొందరి సంకోచము. ఒప్పనిచో సర్కారు సున్నము వారికేల?

పనికాలము విషయమున మాత్రము తొందరపడవలెను. అక్టోబరు, నవంబరు తుపానుల దినములలో పచ్చిపూత నిలువదు. ఏప్రిలు తరువాతి యెండలో తడి నిలువక సున్నము బీటలువారును. సున్నము నానవేయుటయు, తూములు బాగుచేయుటయు, రావివేళ్లు చంపుటయు ఈలోగా కానిచ్చి, డిసెంబరులో సారువ కట్టి, మంచుపట్టు నాలుగునెలలలో ముందుగోడ మట్టుకైనను ముగించినచో, ఏప్రిలు 1వ తేదీ నాటికి సారువ విప్పవచ్చును.